ల్యాబ్ దాకా వచ్చినవాళ్లు ఎటు పోయారు?

'కంప్యూటర్' అన్న మాట మొదట యంత్రానిది కాదు, మనిషిది. పొద్దంతా కూర్చుని లెక్కలు కట్టే ఉద్యోగిని అట్లా పిలిచేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఆ కుర్చీల్లో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లే. గణితం చదివిన ఆడపిల్లకి తక్కువ జీతానికి దొరికే పని అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిరంగి గుండు ఎంత దూరం పోయి పడుతుందో లెక్కగట్టిన ఆడవాళ్లలోంచే ఆరుగురిని ఏరి, ఎనియాక్ అనే కొత్త యంత్రం చేత పని చేయించే బాధ్యత అప్పగించారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిచ్టర్‌మన్. 1946 ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు పేరంతా దాన్ని తయారుచేసిన మగ ఇంజనీర్లకే వచ్చింది. ఆ రోజు యంత్రం మీద నడిచిన ప్రోగ్రాం సిద్ధం చేసిన ఆడవాళ్లని రాత్రి విందుకి కూడా పిలవలేదు. నలభై ఏళ్ల తర్వాత కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోలు చూసి, యంత్రం పక్కన ఉన్న ఈ ఆడవాళ్లెవరని అడిగింది. ఫ్రిజ్ ప్రకటనల్లో నిలబెడతారే, అట్లాంటి మోడల్స్ అని జవాబొచ్చింది.

ఈ జవాబు మనకేమీ కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల గురించి కూడా చాలాకాలం ఇట్లాంటి మాటలే విన్నాం. అన్నం వండిపెట్టారు, ఉత్తరాలు అందించారు అనేవాళ్లు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరా తిరిగి ఆ స్త్రీల నోటనే వాళ్ల కథలు చెప్పించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా, వాళ్లని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కంప్యూటర్ రంగంలో స్త్రీలు ఎందుకు తక్కువ అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ పుస్తకమే గుర్తొస్తుంది. తక్కువ అంటున్నవాళ్లు ఎక్కడ నిలబడి లెక్కపెడుతున్నారు?

అమెరికా కథ మనకి బాగా చెప్పారు. అక్కడ కంప్యూటర్ సైన్సులో డిగ్రీ తీసుకున్నవాళ్లలో స్త్రీల వాటా 1984లో 37 శాతం దాకా పోయింది. ఆ తర్వాత పడిపోతూ 2010 నాటికి 18 శాతం దగ్గరికొచ్చింది. ఎందుకు పడిపోయిందో వెతుకుతూ జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల్ని ఏళ్ల తరబడి కలిసి మాట్లాడారు. ఇంట్లోకి కొత్తగా వచ్చిన కంప్యూటర్‌ని కొడుకు గదిలో పెట్టారని తేలింది. కాలేజీకి వచ్చేసరికే అబ్బాయిలకి అది పాత నేస్తం, అమ్మాయిలకి పరాయిది. అధ్యాపకులేమో ఆ ముందస్తు అలవాటునే తెలివితేటలనుకున్నారు. ఈ సంగతి తెలిశాక ప్రవేశ పద్ధతులూ పాఠాలూ మార్చారు. 1995లో 7 శాతం ఉన్న అమ్మాయిల ప్రవేశాలు 2000 నాటికి 42 శాతానికి పెరిగాయి. అంటే ఆడవాళ్ల మెదడులో ఏ లోపమూ లేదు, తలుపు దగ్గరే లోపం ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ కథని ఇట్లాగే తెచ్చి మనకి తొడిగితే పట్టదు. మాది ఘనపూర్. కోటగుళ్లున్న ఘనపూర్ కాదు, రైలాగే ఘనపూర్. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే దారిలో వస్తుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లా. 1990ల మధ్యలో నేను కంప్యూటర్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీలో చేరేనాటికి మా వాడకట్టులో ఏ ఇంట్లోనూ కంప్యూటర్ లేదు. కొడుకు గదిలో ఎక్కడిది? కొడుక్కి గదే లేదు. అబ్బాయిలైనా అమ్మాయిలైనా ఆ యంత్రాన్ని మొదటిసారి చూసింది కాలేజీ ల్యాబులోనే, చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు పోయి చూశాం. లేమి మమ్మల్ని ఆ ఒక్కరోజుకి సమానం చేసింది. మా క్లాసులో సగానికి కొద్దిగా తక్కువగా అమ్మాయిలమున్నాం. నేను పాతికేళ్లుగా హనుమకొండలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఏ సంవత్సరమూ అమ్మాయిల్లేక ల్యాబ్ బోసిపోయింది లేదు. మరి మన ప్రశ్న వేరుగా ఉండాలి. మనవాళ్లు తలుపు దాకా వచ్చారు, లోపలికీ వచ్చారు. ఏ షరతు మీద వచ్చారు? లోపలికొచ్చాక ఎటు పోయారు?

షరతుల చరిత్ర కంప్యూటర్ కన్నా పాతది. మన దేశంలో ఇంజనీరు పట్టా అందుకున్న తొలి స్త్రీలలో ఒకరు తెలుగావిడే. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టింది. పదిహేనేళ్లకి పెళ్లి. పద్దెనిమిదేళ్లకి భర్త పోయాడు, ఒడిలో నాలుగునెలల ఆడపిల్ల. ఆ కాలపు బ్రాహ్మణ విధవకి లోకం ఏం రాసిపెట్టిందో మనకి తెలుసు. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు కావడంతో, కూతురికి అక్కడే సీటు కోసం పట్టుబట్టాడు. ఆమె 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసింది. పట్టా కాగితం మీద 'అతడు' అని ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాయాల్సి వచ్చింది. తర్వాత కలకత్తాలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసింది. భాక్రానంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకి వెళ్లింది.

లలిత కథని మనం స్ఫూర్తిగాథగా చెప్పుకుని ముగిస్తాం. నాకు ఆ కథలో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసరు. ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదు. రెండోది, ఆమె ఉద్యోగం చూసుకున్నది తోబుట్టువుల ఇంటి ఆసరా ఉన్న ఊళ్లల్లో. పసిబిడ్డని ఇంకో ఇంటి ఆడవాళ్లు చూసుకుంటే తప్ప డ్రాయింగ్ బల్ల ముందు కూర్చోవడం కుదరలేదు. అనుమతి ఇచ్చే మగవాడు ఒకరు, ఇంట్లో బిడ్డని చూసే ఆడది ఒకరు. ఎనభై ఏళ్ల తర్వాత గచ్చిబౌలిలో పనిచేసే నా విద్యార్థినిని అడిగినా ఈ రెండూ ఉన్నాయా లేవా అన్నదే ఆమె ఉద్యోగ చరిత్ర.

మా చిన్న ఊళ్లల్లో మీటల మీద ఆడవాళ్ల చేతులు పడింది టైపు ఇన్‌స్టిట్యూట్లలో. టెన్త్ అయ్యాక పెళ్లి కుదిరేలోపు ఆడపిల్లని ఊరికే ఉంచడమెందుకని లోయర్, హయ్యర్ పరీక్షలకి పంపేవాళ్లు. మా చిన్నమ్మ జనగామలో టైపు హయ్యర్ పాసైంది. ఆ సర్టిఫికెట్ పెళ్లిచూపుల్లో ఒకసారి చూపించారు, తర్వాత పెట్టె అడుగుకి పోయింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాక అవే గదుల్లో బోర్డులు మారాయి. డీసీఏ, పీజీడీసీఏ, డీటీపీ. పంపించిన కారణం మాత్రం అదే.

డీటీపీ దగ్గర కాసేపు ఆగాలి. మనం రాసేవాళ్లం కాబట్టి అది మన ఇంటి సంగతే. 1990లలో ట్రెడిల్ ప్రెస్సులు ఒక్కొక్కటీ మూతబడుతుంటే, చిక్కడపల్లి నుంచి హనుమకొండ చౌరస్తా దాకా డీటీపీ సెంటర్లు వెలిశాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు సాహిత్యాన్ని కంపోజ్ చేసినవాళ్లలో, నేను చూసిన సెంటర్లలో, ఎక్కువమంది ఇంటర్‌తోనో డిగ్రీతోనో ఆగిపోయిన అమ్మాయిలు. మన కొక్కిరి రాత విప్పింది వాళ్లే, మన వొత్తులు సరిచేసింది వాళ్లే, స్త్రీవాద కవిత్వాన్ని అచ్చుకి ముందు చదివిన మొదటి పాఠకులూ వాళ్లే. పేజీ లెక్కన కూలి. పుస్తకం లోపలి పేజీలో వాళ్ల పేరు ఉంటే ఉంది, లేకుంటే సెంటర్ పేరు. కంప్యూటర్ రంగంలో తెలుగు స్త్రీల లెక్క తీసే ఏ నివేదికలోనూ వీళ్లు ఉండరు. ఎనియాక్ ఆడవాళ్లని మోడల్స్ అన్నందుకు కోపం తెచ్చుకున్న మనం, మన పక్క కుర్చీలో కూర్చున్న ఆపరేటర్‌ని కంప్యూటర్ మనిషి అని ఎప్పుడైనా అనుకున్నామా?

ఇక ఇంజనీరింగ్ సంగతి. మన దగ్గర ఆడపిల్లలు కంప్యూటర్ శాఖలోకి వచ్చింది దయతో కాదు, ఒకదాని మీద ఒకటిగా జరిగిన కొన్ని మార్పులతో. 1983లో తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో స్త్రీలకి 30 శాతం కోటా పెట్టింది. అది కోర్టుకెక్కితే 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1986లో ఎంసెట్ మొదలైంది. వృత్తివిద్యా కాలేజీల్లో ప్రతి కేటగిరీలోనూ మూడోవంతు సీట్లు స్త్రీలకి అన్న నియమం వచ్చింది. 1997లో హైదరాబాద్‌లో నారాయణమ్మ కాలేజీతో మహిళా ఇంజనీరింగ్ కాలేజీల దారి తెరుచుకుంది. 1998లో సైబర్ టవర్స్. 2008 నాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్. ఈ చివరిదాని మాట ప్రత్యేకంగా చెప్పాలి. దానికి ముందు మా ఊళ్లల్లో ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే కొడుక్కి ఇంజనీరింగ్, బిడ్డకి డిగ్రీ. ఫీజు సర్కారు కడుతుందనేసరికి ఇద్దరూ ఇంజనీరింగే. బిడ్డ తెలివి అంతకుముందూ అంతే, తర్వాతా అంతే. మారింది ఫీజు ఎవరు కట్టాలన్నదే.

ఇన్ని శాఖలుండగా ఆడపిల్లకి కంప్యూటరే ఎందుకు? మా నాయనమ్మ వయసువాళ్లు కూడా చెప్పగలిగేవాళ్లు: "సల్లగ ఏసీ రూముల కూసోని చేస్తది బిడ్డ. ఎండల నిలవడేది లేదు, మొగోళ్లతోని మిషన్ల కాడ తిరిగేది లేదు." సివిల్ అంటే సైటు, మెకానికల్ అంటే వర్క్‌షాపు, మైనింగ్ అంటే భూపాలపల్లి బొగ్గుబాయి. కంప్యూటర్ అంటే నాలుగు గోడలు. అమెరికాలో మగపిల్లల ఆటవస్తువైపోయిన యంత్రం మన దగ్గర ఆడపిల్లకి తగిన నీడపట్టు పని అయింది. భారతదేశంలో కంప్యూటర్ చదువుకునే అమ్మాయిల మీద ఏళ్లపాటు పరిశోధించిన రోలీ వర్మ కూడా ఈ తేడానే చూపించింది. ఇక్కడి అమ్మాయిలకి అది మగవాళ్ల సబ్జెక్టు అన్న భావన లేదు. నేనూ ఒప్పుకుంటాను. కానీ మనల్ని లోపలికి రానిచ్చిన ఆ కారణంలోనే మనల్ని ఇంటికి పంపించే కారణం కూడా ఉంది. గోడల మధ్య ఉంటుందని పంపినవాళ్లు, ఆ పని గోడలు దాటమన్నప్పుడు వద్దంటారు.

అది కాలేజీలోనే మొదలవుతుంది. ప్రోగ్రామింగ్ అనేది పాఠం వింటే వచ్చే విద్య కాదు. తప్పు రాసి, ఎక్కడ తప్పిందో వెతికి, మళ్లీ రాసి, గంటలు గంటలు యంత్రంతో పెనుగులాడితే వస్తుంది. ఆ గంటలు ఎవరికున్నాయి? నేను చదివిన కాలేజీలో ల్యాబ్ రాత్రి ఎనిమిదిదాకా తెరిచే ఉండేది, మా హాస్టల్ గేటు ఆరింటికే పడేది. రోజూ ఊరినుంచి వచ్చిపోయే నాలాంటివాళ్లకి సాయంత్రం ప్యాసింజరే గేటు. మగపిల్లలు నెట్ సెంటర్లలో కూర్చుని నేర్చుకున్నారు. నెట్ సెంటర్ తడికెల వెనక ఆడపిల్ల కనిపిస్తే ఊరంతా చెప్పుకునేది. డిగ్రీ కాగానే వాళ్లు అమీర్‌పేటలో గదులు తీసుకుని జావా, ఒరాకిల్ నేర్చారు. మేం మార్కుల్లో వాళ్లకన్నా ముందుండి, ఇంటర్వ్యూలో వెనకబడ్డాం.

గేట్లెందుకు అంత తొందరగా వేస్తారంటే భద్రత అంటారు. 2008 డిసెంబరు 10న వరంగల్‌లో కాలేజీ నుంచి స్కూటీ మీద ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఆ నెల చివర్లో ఒక అమ్మాయి చనిపోయింది. నిందితులు ముగ్గుర్నీ మూడురోజుల్లోనే పోలీసులు ఎన్‌కౌంటర్ చేస్తే ఊరేగింపులు తీశారు, పూలదండలు వేశారు. ఆ వారం మా ఊళ్లో ఆడపిల్లలున్న ఇళ్లల్లో జరిగిన మాటలు నేను విన్నాను. బస్సు వేయించమని ఎవరూ అడగలేదు, దారిలో లైట్లు పెట్టించమని అడగలేదు, ముందే ఫిర్యాదు తీసుకునే పోలీసు కావాలని అడగలేదు. బిడ్డని మాన్పించాలా, పెళ్లి చేయాలా అన్నదే చర్చ. ఎన్‌కౌంటర్ ఎవరి కడుపుమంట చల్లార్చిందో గానీ, ఆడపిల్ల ల్యాబులో ఒక గంట ఎక్కువ ఉండే హక్కుని మాత్రం ఇవ్వలేదు.

తర్వాతి మెట్టు పెళ్లి. ఈ రంగం ఎట్లా ఎదిగిందో చెప్పే చరిత్రల్లో వై2కే ఉంటుంది, వీసాలుంటాయి, ముఖ్యమంత్రులుంటారు. కట్నం ఉండదు. దాన్ని సూటిగా రాసింది ఒక చైనా పరిశోధకుడు కావడం మనం ఆలోచించాల్సిన విషయం. శియాంగ్ బియావ్ 2007లో తెచ్చిన 'గ్లోబల్ బాడీ షాపింగ్'లో, తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లని తయారుచేసి విదేశాలకి పంపే వ్యవస్థకి పెట్టుబడిలో ఒక భాగం కట్నం నుంచే వచ్చిందని వివరించాడు. చదువుకి, కోచింగ్‌కి, ప్రయాణానికి పెట్టిన ఖర్చు పెళ్లిలో తిరిగొస్తుందన్న ధీమాతోనే కుటుంబాలు అప్పులు చేశాయి. అంటే అమెరికాలో ఎవరి బ్యాంకు పనో చవగ్గా చేసిపెట్టిన తెలుగు ప్రోగ్రామర్ వెనక, ఎక్కడో ఒక ఆడపిల్ల తండ్రి అమ్మిన రెండెకరాలున్నాయి. ఈ పరిశ్రమలో మన పెట్టుబడి అది. వాటాదారుల పట్టికలో మన పేరు లేదు.

ఆ ఆడపిల్ల కూడా చాలాసార్లు ఇంజనీరే. పెళ్లయి ఆమె వెళ్లింది హెచ్4 వీసా మీద. దానికి 'ఆధారపడినవాళ్లు' అని పేరు. 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం చేసే హక్కే లేదు. అప్పటినుంచి కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకి చేరితేనే అనుమతి. అట్లా అనుమతి దొరికినవాళ్లలో తొంభై శాతానికి పైగా భారతీయులు, తొంభై శాతానికి పైగా స్త్రీలు. 2015కి ముందు ఏళ్లకి ఏళ్లు న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో అపార్ట్‌మెంట్లలో గడిపినవాళ్లలో నా సహాధ్యాయినులున్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్లు దూరమైతే నేర్చిన భాష పాతబడిపోతుంది. హైదరాబాద్‌లోనే ఉండిపోయినవాళ్లదీ దాదాపు ఇదే కథ, వీసా ఒక్కటే లేదు. 2017లో చట్టం మారి ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభైమందికి పైగా పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. సెలవు భారమంతా కంపెనీ మీదే పెట్టి, తండ్రికి ఏ బాధ్యతా పెట్టకపోవడంతో, పెళ్లీడు అమ్మాయిని తీసుకోవాలా వద్దా అన్న లెక్క ఇంటర్వ్యూ గదిలోకి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. దేశంలో ఐటీ ఉద్యోగుల్లో స్త్రీలు 36 శాతం దాకా అని నాస్కామ్ చెబుతుంది. అమెరికాతో పోలిస్తే ఇది గొప్పే. ఇదే అంకె చూపించి మన దగ్గర సమస్యే లేదనేవాళ్లున్నారు. కానీ అది చేరేచోట నిలబడి తీసిన లెక్క. టీమ్ లీడర్, మేనేజర్, ఆ పైన అంటూ మెట్లు ఎక్కేకొద్దీ ఆ వాటా కరిగిపోతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. ఐఐటీల్లో 2016లో అమ్మాయిలు ఎనిమిది శాతం. 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించి రెండేళ్లలో ఇరవై శాతానికి తెచ్చారు. కొడుకైతే లక్షలు పోసి కోచింగ్, కూతురైతే ఇంటి దగ్గర మహిళా కాలేజీ అన్న విభజన ఎంత లోతుగా ఉందో, అదనపు సీట్లు పెట్టేదాకా ఎనిమిది దగ్గరే ఆగిన ఆ అంకె చెబుతుంది.

ఆ 36 శాతంలో ఏ ఇళ్ల ఆడవాళ్లున్నారని కూడా అడగాలి. సర్కారు కోటా కాలేజీ గేటు దాకా తోడొస్తుంది, ప్రైవేటు కంపెనీ గేటు దగ్గర ఆగిపోతుంది. టెన్త్ నుంచి అన్నింట్లో అరవై శాతం మార్కులు, తడుముకోని ఇంగ్లీషు, మధ్యలో ఒక్క ఏడాది కూడా ఖాళీ ఉండకూడదు. ఈ వడపోతకి కులం పేరు లేదు గానీ, పత్తి ఏరే రోజుల్లో బడి మానిన దళిత అమ్మాయినీ, తల్లి జబ్బుపడితే ఏడాది ఇంట్లో ఉన్న లంబాడా అమ్మాయినీ అది ముందే పక్కకి తీస్తుంది. పదో తరగతి మార్కులతోనే పల్లె పిల్లల్ని తీసుకునే బాసర లాంటి ట్రిపుల్ ఐటీలు 2008లో వచ్చాయి. 2016లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆడపిల్లలకి డిగ్రీ కాలేజీలు తెరిచాయి. అక్కడ తిండి, పడక, ల్యాబ్ ఒకే ఆవరణలో ఉంటాయి. సాయంత్రం రైలు తప్పిపోతుందన్న భయం లేదు. కోచింగ్ డబ్బు అడ్డం తీసేస్తే, ప్రయాణం అడ్డం తీసేస్తే మా పిల్లలు ఎంత దూరం పోతారో అక్కడ కనిపిస్తోంది.

మా ఘనపూర్ పక్కనే పాలకుర్తి. అక్కడ చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడి తాను పండించిన పంటని తన ఇంటికి చేర్చుకుంది. 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి ఐలమ్మ పేరు పెట్టారు. అక్కడ కంప్యూటర్ చదివే అమ్మాయిల పట్టా మీద ఆ పేరు ఉంటుంది. ఆ పేరుకి తగిన ప్రశ్న ఒకటుంది: పండించిందెవరు, ఇంటికి తీసుకుపోయిందెవరు?

ఈ ప్రశ్నకి జవాబు ఏ నివేదికలోనూ దొరకదు. ఈసీఐఎల్‌లో 1970లలో పనిచేసిన ఆడవాళ్లు, సీఎంసీలో తొలి ప్రోగ్రామర్లు, డీటీపీ సెంటర్ల అమ్మాయిలు, మీసేవ కేంద్రాల్లో, మండలాఫీసుల్లో కాంట్రాక్టు మీద డేటా కొడుతున్నవాళ్లు, హెచ్4 మీద వెళ్లి కీబోర్డు మరిచిపోయినవాళ్లు, వీళ్లలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. అడిగితే చెబుతారు. ఈ ఏడు మా కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలకి ప్రాజెక్టుగా ఇదే ఇస్తున్నాను. ఒక్కొక్కరూ తమ ఊరి నుంచి కంప్యూటర్ చదివిన ఒక స్త్రీని వెతకాలి, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకురావాలి. అడగాల్సినవి మూడే ప్రశ్నలు. పని ఎప్పుడు మొదలుపెట్టావక్కా? ఎప్పుడు మానేశావు? ఆ రోజు ఇంట్లో ఎవరు ఏమన్నారు?